సున్నపు తేటలో సముద్రం: ఆల్చిప్పల కష్టాన్ని పిల్లలకు ఎలా చెప్పాలి

సైన్స్ ఫెయిర్లలో తరచుగా కనిపించే ప్రయోగం ఒకటుంది. గ్లాసులో వెనిగర్ పోసి అందులో కోడిగుడ్డునో గవ్వనో వేస్తారు. బుడగలు వస్తాయి. ఒకటి రెండు రోజులకు గుడ్డు పెంకు కరిగిపోయి లోపలి పొర మాత్రమే మిగులుతుంది. పక్కన చార్టు మీద "సముద్ర ఆమ్లీకరణ వల్ల ఆల్చిప్పలు ఇలాగే కరిగిపోతున్నాయి" అని రాసి పెడతారు. బొగ్గు, పెట్రోలు కాల్చినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ కరిగి సముద్రపు నీటి క్షార గుణం తగ్గిపోవడాన్నే సముద్ర ఆమ్లీకరణ అంటారు. చూసిన పిల్లలకు ఇది బాగా గుర్తుండిపోతుంది. నాకున్న ఇబ్బంది కూడా అదే. గుర్తుండిపోయేది తప్పు విషయం.

ఒకసారి లెక్క చూద్దాం. పీహెచ్ అంటే ఆమ్ల, క్షార గుణాల కొలమానం. అది 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. వెనిగర్ పీహెచ్ దాదాపు 2.5. సముద్రపు పైనీటి పీహెచ్ సగటున 8.1. పీహెచ్ ఒక అంకె తగ్గితే నీటిలో ఆమ్ల గుణాన్నిచ్చే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లు పెరుగుతాయి. ఆ లెక్కన సముద్రపు నీటిలో కన్నా వెనిగర్‌లో ఆ అయాన్లు సుమారు 4 లక్షల రెట్లు ఎక్కువ. మనం ఎంత బొగ్గు, ఎంత పెట్రోలు కాల్చినా సముద్రం వెనిగర్ అయిపోదు. ఇప్పటికీ అది క్షార గుణంతోనే ఉంది, ఈ శతాబ్దం చివరికీ క్షార గుణంతోనే ఉంటుంది. గుడ్డు పెంకు ప్రయోగం చూసిన పిల్లవాడు రేపు ఇంటర్‌లోనో డిగ్రీలోనో ఈ సంగతి తెలుసుకుంటే, చిన్నప్పుడు మాకు చెప్పిందంతా అబద్ధమేనా అనుకుంటాడు. అప్పుడు అసలు సమస్యను చెప్పినా నమ్మడు.

అసలు సమస్య ఏమిటంటే, గుల్ల కట్టుకునే జీవికి కావలసిన సరుకు నీళ్లలో తగ్గిపోతోంది. ఆ దెబ్బ అందరికన్నా ముందు తగిలేది పుట్టి రెండు రోజులు నిండని ఆల్చిప్ప పిల్లకు. ఉన్న గుల్ల కరిగిపోవడం కన్నా, కొత్త గుల్ల కట్టుకోలేకపోవడం ముందు వచ్చే కష్టం. దీన్ని హైస్కూలు పిల్లలకు కళ్లకు కట్టినట్టు చూపించడానికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. తిరుపతిలో ఏ కిళ్లీ కొట్లోనైనా దొరికే సున్నం, సోడా చాలు.

తిరుపతి పిల్లలకు సముద్రం పాఠం దేనికి?

చుట్టూ కొండలున్న ఊళ్లో ఈ పాఠం ఎందుకని కొందరు టీచర్లే అడుగుతారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక తిరుపతి జిల్లాకు సముద్రం వచ్చింది. సూళ్లూరుపేట, తడ, శ్రీహరికోట ఇప్పుడు ఈ జిల్లాలోవే. పులికాట్ సరస్సులో ఆంధ్ర వైపు ఉన్న భాగం కూడా ఇక్కడిదే. సముద్రంతో కలిసి ఉండే ఉప్పునీటి సరస్సుల్లో మన దేశంలో చిలికా తర్వాత పెద్దది పులికాట్. అందులో ఆల్చిప్పలు, రకరకాల గుల్లలు, రొయ్యలు, పీతలు ఉన్నాయి. వాటి మీద బతికే జాలరి కుటుంబాలున్నాయి. చలికాలంలో వచ్చే ఫ్లెమింగోలను చూడడానికి మనం పిల్లలను బస్సుల్లో తీసుకెళ్తాం. ఆ పక్షుల కాళ్ల కింది నీళ్లలో ఏముందో కూడా చూపిస్తే ఆ ప్రయాణానికి అర్థం ఉంటుంది.

ఇక చంద్రగిరి దగ్గర పుట్టి శ్రీకాళహస్తి మీదుగా పారే స్వర్ణముఖి చివరికి చేరేది బంగాళాఖాతంలోకే. అలిపిరి దాటి ఘాట్ రోడ్డెక్కే కారు వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఏడాది రెండేళ్లలో భూమి మీది గాలి అంతటా కలిసిపోతుంది. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు ఏదో ఒక సముద్రంలో కరుగుతుంది.

గుల్ల పదార్థం కూడా తిరుపతి పిల్లలకు కొత్త కాదు. బ్రహ్మోత్సవాల్లో ముత్యపు పందిరి వాహనం గురించి తెలియని పిల్లలు ఇక్కడ ఉండరు. గుడి వీధుల్లో అమ్మే శంఖాలు, గవ్వలు వాళ్లు చేత్తో పట్టుకుని చూసినవే. ముత్యం, శంఖం, గవ్వ, అన్నీ ప్రధానంగా కాల్షియం కార్బోనేట్. గుల్లలను బట్టీలో కాల్చి చేసేదే గుల్లసున్నం. ఆ సున్నం తిరిగి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటే మళ్లీ కాల్షియం కార్బోనేట్ అవుతుంది. ఈ చక్రం తెలిస్తే పాఠంలో సగం చెప్పేసినట్టే.

ఒక చిన్న వివరం ఇక్కడే చెప్పాలి, తర్వాత పనికొస్తుంది. కాల్షియం కార్బోనేట్ జీవుల్లో ముఖ్యంగా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి కాల్సైట్, రెండోది అరగొనైట్. రెండింటిలోనూ ఉన్న పరమాణువులు అవే, అమరికే వేరు. అరగొనైట్ కొంచెం తేలిగ్గా కరుగుతుంది. మనుషులు తినే రకం ఆల్చిప్ప పెద్దదయ్యాక దాని గుల్ల ఎక్కువగా కాల్సైట్. కానీ పసితనంలో కట్టుకునే మొదటి గుల్ల అరగొనైట్. అంటే బలహీనమైన వయసులోనే బలహీనమైన గుల్ల.

0.1 అంటే ఎంత?

పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో ప్రతి పది లక్షల భాగాలకు కార్బన్ డయాక్సైడ్ దాదాపు 280 భాగాలు ఉండేది. 1958లో చార్లెస్ డేవిడ్ కీలింగ్ హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద క్రమం తప్పకుండా కొలవడం మొదలుపెట్టేసరికి అది 315 దగ్గర ఉంది. ఇప్పుడు 420 దాటింది. ఈ కాలంలోనే సముద్రపు పైనీటి సగటు పీహెచ్ సుమారు 8.2 నుంచి 8.1కి వచ్చింది.

ఇది బోర్డు మీద రాస్తే పిల్లల ముఖాల్లో ఏ మార్పూ కనిపించదు. 0.1 తగ్గితే ఏమైందని వాళ్లకు అనిపించడం సహజం. ఉపన్యాసం ఇవ్వకుండా కాలిక్యులేటర్ ఇవ్వడం మేలు. పీహెచ్ కొలమానాన్ని 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ రూపొందించాడు. పదుల గుణకాలతో నడిచే కొలమానం అది. పదికి 0.1 ఘాతం ఎంతో నొక్కి చూడమనండి. 1.26 వస్తుంది. అంటే హైడ్రోజన్ అయాన్లు పాతిక శాతానికి పైగా పెరిగాయి. ఇంధనాల వాడకం ఇప్పటిలాగే పెరుగుతూ పోతే ఈ శతాబ్దం చివరికి పీహెచ్ 7.8 దరిదాపులకు రావచ్చని అంచనాలున్నాయి. 8.1 నుంచి 7.8కి అంటే ఎన్ని రెట్లో వాళ్లనే లెక్క కట్టమనండి. ఇప్పటికి రెట్టింపు అని వాళ్ల చేత్తో వాళ్లే కనుక్కున్నాక ఆ అంకె ఇక చిన్నదిగా కనిపించదు.

చిక్కుముడి ఇక్కడుంది

తరగతిలో చురుకైన పిల్ల ఒకతె తప్పకుండా అడుగుతుంది. అడగకపోతే మనమే అడిగించాలి. "సార్, కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగితేనే కదా కార్బోనేట్ వచ్చేది? అది పెరిగితే కార్బోనేట్ కూడా పెరగాలి కదా? మరి గుల్లలకు మంచిదే కదా సార్?"

నా దృష్టిలో ఈ పాఠం మొత్తానికి ఇదే అసలు ప్రశ్న. దీనికి జవాబు చెప్పకుండా దాటేస్తే పిల్లలు మిగతాదంతా బట్టీ పడతారు, అంతే.

సముద్రపు నీటిలో కరిగిన కార్బన్ మూడు రూపాల్లో ఉంటుంది. వాయువుగానే కరిగి ఉన్నది దాదాపు ఒక శాతం. బైకార్బోనేట్‌గా ఉన్నది సుమారు 90 శాతం. మిగిలిన తొమ్మిది శాతం దాకా కార్బోనేట్. గుల్ల కట్టడానికి కాల్షియంతో జత కలవాల్సింది ఈ చివరిది. ఇప్పుడు కొత్తగా ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు నీళ్లలోకి వచ్చిందనుకోండి. అది నీటితో కలిసి కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. ఆ ఆమ్లం ఒక హైడ్రోజన్ అయాన్‌ను వదిలేసి బైకార్బోనేట్‌గా మారుతుంది. వదిలిన హైడ్రోజన్ అయాన్ ఊరుకోదు. దగ్గర్లో ఉన్న కార్బోనేట్‌ను పట్టుకుంటుంది. అదీ బైకార్బోనేట్ అయిపోతుంది. మొత్తం మీద ఒక కార్బన్ డయాక్సైడ్ వచ్చి, ఒక కార్బోనేట్‌ను మింగి, రెండు బైకార్బోనేట్లను మిగిల్చింది. నీళ్లలో కార్బన్ పెరిగింది. గుల్లకు పనికొచ్చే కార్బోనేట్ తగ్గింది.

కాల్షియంకు మాత్రం లోటు లేదు. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 400 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. సంక్రాంతికి అరిసెలు చేయాలంటే బియ్యప్పిండి ఎంత ఉన్నా బెల్లం తక్కువైతే పని ముందుకు సాగదు. చిత్తూరు బెల్లం సంగతి తెలిసిన పిల్లలకు ఈ మాట వెంటనే ఎక్కుతుంది. సముద్రంలో కాల్షియం ఆ పిండి అనుకుంటే కార్బోనేట్ ఆ బెల్లం.

చాలా జీవులు గుల్ల కట్టే చోట బైకార్బోనేట్‌ను కూడా వాడుకుంటాయి. అందులోని హైడ్రోజన్ అయాన్‌ను బయటికి నెట్టేసి కార్బోనేట్ తయారు చేసుకుంటాయి. ఆ నెట్టడానికి శక్తి కావాలి. బయటి నీటిలో ఆ అయాన్లు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ శక్తి కావాలి. ఎటు తిరిగినా ఖర్చు పెరుగుతుంది. పెద్ద ఆల్చిప్ప తిండి ఎక్కువ తిని ఆ ఖర్చు భరించగలదేమో. తిండి తినడమే ఇంకా మొదలుపెట్టని పిల్లకు ఆ దారి లేదు.

సున్నపు తేట ప్రయోగం

కార్బన్ డయాక్సైడ్ వాయువును గుర్తించడానికి సున్నపు తేటలోకి పంపితే అది పాలలా తెల్లబడుతుందని పదో తరగతి పిల్లలందరికీ తెలుసు. చాలా బళ్లలో ప్రయోగం అక్కడితో ఆపేస్తారు. వాయువును ఇంకా పంపితే ఆ తెలుపు పోయి మళ్లీ తేటపడుతుందన్న మాట పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా మిగిలిపోతుంది. సముద్రం కథ మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉంది.

తాంబూలంలో వేసుకునే సున్నం ఒక చెంచా తీసుకుని లీటరు మంచినీళ్లలో కలిపి, మూత బిగించి రాత్రంతా ఉంచండి. బోరు నీళ్లు వద్దు, క్యాన్ వాటర్ మేలు. ఉదయానికి సున్నం అడుగుకు దిగి పైన తేట నిలుస్తుంది. దాన్ని కదలకుండా వంచుకోవాలి. ఆ తేటకు అంతే మంచినీళ్లు కలిపి పలచన చేయడం మరచిపోకండి. చిక్కటి తేటలో కాల్షియం మరీ ఎక్కువ కాబట్టి రెండో దశలో పూర్తిగా తేటపడదు. చాలామంది టీచర్లు "మాకు రాలేదు" అని వదిలేసేది ఈ చిన్న కారణం వల్లే.

జాగ్రత్తల విషయంలో గట్టిగా ఉండాలి. సున్నం కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా ఎవరూ దగ్గరికి రాకూడదు. కాల్చిన సున్నపురాయి నీళ్లలో వేసే పని తరగతిలో పెట్టకూడదు, ఉడుకెత్తి చిమ్ముతుంది. స్ట్రా పెట్టి నోటితో ఊదించడం కూడా నాకు నచ్చదు. ఊదమంటే పీల్చే పిల్లలు ఉంటారు. ఒక సీసాలో తినే సోడా, నిమ్మరసం కలిపి, మూతకు గొట్టం బిగించి, వచ్చే వాయువును తేటలోకి పంపితే సరిపోతుంది.

కాసేపటికి తేట తెల్లబడుతుంది. ఆ తెలుపు కాల్షియం కార్బోనేట్. "మీ చేతిలో ఉన్న గవ్వ దీంతోనే చేసింది" అని అప్పుడు చెప్పండి. చాలామంది పిల్లలు గవ్వను మళ్లీ ఒకసారి చూసుకుంటారు.

ఇప్పుడు ఆ తెల్లటి ద్రవాన్ని రెండు గ్లాసుల్లో సమానంగా పోయండి. ఒక దాంట్లో అంతే పరిమాణంలో చల్లటి సాదా సోడా పోయండి. గోలీ సోడా అయినా పరవాలేదు, రుచి కలపనిదై ఉండాలి. రెండో దాంట్లో అంతే మంచినీళ్లు పోయండి. మెల్లగా కలుపుతూ కొన్ని నిమిషాలు ఆగండి. నీళ్లు పోసిన గ్లాసు పలచబడుతుంది కానీ తెల్లగానే ఉంటుంది. సోడా పోసినది తేటపడుతుంది. నీళ్ల గ్లాసు లేకపోతే "సోడా పోస్తే పలచబడి తెలుపు కనిపించట్లేదు సార్" అని ఎవరో ఒకరు అంటారు, అనాలి కూడా. పోల్చి చూసే రెండో గ్లాసు ఎందుకు పెడతారో పిల్లలకు ఇక్కడ అర్థమైనంత బాగా ఇంకెక్కడా అర్థం కాదు.

ఒకే వాయువు. మొదట కార్బోనేట్‌ను పుట్టించింది, తర్వాత అదే కార్బోనేట్‌ను మాయం చేసింది. ఎందుకు? మొదట్లో సున్నపు తేట పీహెచ్ 12 పైన ఉంది. అంత క్షారంలోకి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ కార్బోనేట్ దాకా మారగలిగింది. క్షారం ఖర్చయిపోయాక వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌కు మిగిలిన పని ఉన్న కార్బోనేట్‌ను బైకార్బోనేట్‌గా మార్చడమే. 8.1 దగ్గర ఉన్న మన సముద్రం ఈ ప్రయోగంలో రెండో సగంలో ఉంది. ఆ చురుకైన పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు రెండు గ్లాసుల్లో బల్ల మీద ఉంది.

తేటపడిన గ్లాసులోని ద్రవాన్ని గిన్నెలో పోసి మరిగిస్తే తెలుపు తిరిగి వస్తుంది. వేడికి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, బైకార్బోనేట్ మళ్లీ కార్బోనేట్ అయి కాల్షియంతో కలుస్తుంది. బోరు నీళ్లు కాచే గిన్నెల అడుగున, గీజర్ కాయిల్ మీద తెల్లగా గట్టిగా పేరుకునేది కూడా ఇదే. చిత్తూరు, తిరుపతి ఇళ్లలో అమ్మలు చింతపండు పెట్టి తోమేది ఈ సున్నాన్నే.

ఈ ప్రయోగం కూడా సముద్రం కాదని పిల్లలకు చెప్పాలి. గ్లాసులో తెలుపు నిజంగానే కరిగింది. మన వైపు వెచ్చటి సముద్రాల పైనీటిలో కాల్షియం కార్బోనేట్ ఇప్పటికీ సంతృప్త స్థాయికి, అంటే నీరు ఇక కరిగించుకోలేని గీతకు, పైనే ఉంది, గవ్వ వేస్తే కరగదు. ఆ స్థాయి ఎంత పైన ఉంటే గుల్ల కట్టడం అంత సులువు. అది కిందికి దిగుతున్నకొద్దీ, కరగడం మొదలయ్యే గీత ఇంకా రాకముందే, కట్టేవాడికి కష్టం మొదలవుతుంది.

ఆరెగాన్ హేచరీలో ఏం జరిగింది

దీనికి పిల్లలకు చెప్పదగిన నిజమైన కథ ఉంది. అమెరికా పశ్చిమ తీరంలో ఆరెగాన్ రాష్ట్రంలో నెటార్ట్స్ అనే చిన్న అఖాతం ఒడ్డున విస్కీ క్రీక్ అనే ఆల్చిప్పల హేచరీ, అంటే గుడ్లను పొదిగించి పిల్లలను పెంచే కేంద్రం, ఉంది. ఆ తీరంలో ఆల్చిప్పలు పెంచే రైతుల్లో చాలామందికి పిల్లలు అక్కడి నుంచే వెళ్తాయి. 2007, 2008ల్లో అక్కడ లార్వాలు, అంటే గుడ్డులోంచి వచ్చిన పసి పిల్లలు, కుప్పలుగా చనిపోయాయి. మొదట అందరూ బ్యాక్టీరియాను అనుమానించారు. నీళ్లను శుభ్రం చేసే ఏర్పాట్లు చేశారు. చావులు ఆగలేదు.

కారణం తొట్లలోకి తోడుకుంటున్న సముద్రపు నీటిలో ఉంది. ఆ తీరంలో వేసవిలో ఉత్తరపు గాలులు వీచినప్పుడు పైనీరు ఒడ్డు నుంచి దూరంగా జరుగుతుంది, దాని స్థానంలోకి లోతుల్లోని చల్లటి నీరు పైకి వస్తుంది. లోతునీటిలో సహజంగానే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, ఎందుకంటే పైనుంచి రాలిన జీవ పదార్థమంతా అక్కడే కుళ్లుతుంది. దానికి తోడు ఆ నీరు కొన్ని దశాబ్దాల కిందట ఉపరితలంలో ఉన్నప్పుడు పీల్చుకున్న మన పొగ వాటా కూడా అందులో ఉంది. అలాంటి నీరు తొట్టిలోకి వచ్చిన రోజుల్లో పుట్టిన బ్యాచ్‌లే పోతున్నాయని, హేచరీవాళ్లతో కలిసి పనిచేసిన శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించిన పరిశోధనలో చూపారు.

లార్వా ఎందుకు తట్టుకోలేకపోయింది? గుడ్డులోంచి వచ్చిన పిల్ల తొలి రెండు రోజుల్లోనే మొదటి గుల్ల కట్టుకోవాలి. డి అక్షరం ఆకారంలో ఉంటుంది కాబట్టి దాన్ని డి లార్వా అంటారు. ఆ దశకు వచ్చేసరికి దాని శరీర బరువులో 90 శాతం దాకా కాల్షియం కార్బోనేటే. అది కట్టేదాకా సరిగా తిండి తినలేదు. గుడ్డులో తల్లి పెట్టిన కొవ్వు మాత్రమే ఆధారం. గుల్లకు మామూలు కన్నా ఎక్కువ శక్తి ఖర్చయితే కొవ్వు ముందే అయిపోతుంది. తిండి మొదలుపెట్టడానికి బలం ఉండదు. కొన్ని అప్పటికప్పుడు చావవు, రోజుల తరబడి ఎదగకుండా ఉండి పోతాయి. గుల్ల కరిగిపోయి చచ్చిన ఆల్చిప్ప ఈ కథలో ఒక్కటీ లేదని పిల్లలు గమనించాలి.

హేచరీవాళ్లు చేసిన పని మన జిల్లా పిల్లల్లో కొందరికి ఇంట్లో తెలిసిన విషయమే. నీటిలో కార్బన్ డయాక్సైడ్‌ను ఎప్పటికప్పుడు కొలిచారు. తెల్లవారుజామున కాకుండా మధ్యాహ్నం నీళ్లు తోడుకున్నారు, ఎందుకంటే ఎండలో నీటి మొక్కలు, నాచు కార్బన్ డయాక్సైడ్‌ను వాడేసుకుని పీహెచ్‌ను పైకి తెస్తాయి. అవసరమైనప్పుడు నీటిలో సోడా యాష్, అంటే సోడియం కార్బోనేట్, కలిపారు. ఉత్పత్తి మళ్లీ కోలుకుంది. గూడూరు, నెల్లూరు వైపు రొయ్యల గుంటలున్న ఇంటి పిల్లలు తరగతిలో ఉంటే ఈ భాగం వాళ్ల చేత చెప్పించండి. ఉదయం పీహెచ్ ఎందుకు తగ్గుతుందో, సాయంత్రం ఎందుకు పెరుగుతుందో, ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే క్షార నిల్వ, పడిపోతే గుంటలో ఏం కలుపుతారో వాళ్లకు నాన్న చెప్పే ఉంటాడు. ఆ పిల్లలకు తమ ఇంటి పని సైన్స్ అని తెలియడం నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

తొట్టిలో కలిపినట్టు సముద్రంలోనూ క్షారం కలిపితే సరిపోదా అని అడుగుతారు. ఆ ఆలోచన మీద నిజంగానే పరిశోధనలు జరుగుతున్నాయి. కానీ అందుకు కావలసిన ఖనిజాన్ని తవ్వి, పొడి చేసి, మోసుకెళ్లి చల్లాల్సిన పరిమాణం ఊహకు అందనంత పెద్దది. పొగ తగ్గించడానికి బదులుగా అది సరిపోదు.

తొందరపడి చెప్పకూడనివి

గుల్ల ఉన్న ప్రతి జీవికీ నష్టమే అని చెప్పేయకండి. 2009లో 18 రకాల గుల్ల జీవులను వేర్వేరు కార్బన్ డయాక్సైడ్ స్థాయిల్లో పెంచి చూసిన ఒక పరిశోధనలో ఆల్చిప్పల్లాంటివి చాలావరకు దెబ్బతిన్నాయి, కానీ నీలి పీత, లాబ్‌స్టర్, ఒక రకం రొయ్య మాత్రం పెంకును ఇంకా మందంగా కట్టాయి. అలాగని వాటికి మేలే జరిగిందని కూడా అర్థం కాదు. పెంకు మీద పెట్టిన శక్తి ఎదుగుదల నుంచో మరో పని నుంచో తీసి ఉండొచ్చు. చేపల ప్రవర్తన మారిపోతుందని కొన్నాళ్లు చాలా ప్రచారం జరిగింది. తర్వాత 2020లో వచ్చిన పెద్ద పరిశీలనలో ఆ ఫలితాలు మళ్లీ రాలేదు. దాన్ని తేలిన విషయంగా చెప్పకపోవడమే మంచిది.

గుల్లలు కరగడం అసలే లేదని కూడా అనకూడదు. అంటార్కిటికా చుట్టూ ఉన్న చల్లటి సముద్రంలో టెరోపాడ్లు అనే చిన్న ఈదే నత్తలున్నాయి. బతికున్న వాటి గుల్లలే కరిగి గీతలు పడినట్టు 2012లో గుర్తించారు. ఇటలీలో ఇస్కియా దీవి దగ్గర సముద్రపు అడుగు నుంచి అగ్నిపర్వతపు కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా వస్తుంటుంది. బుడగలు ఎక్కువయ్యే చోటికి దగ్గరవుతున్నకొద్దీ గుల్ల జీవులు తగ్గిపోతాయని 2008లో ప్రచురించారు.

ఆమ్ల వర్షాన్ని దీంతో కలిపేస్తుంటారు. అది ప్రధానంగా సల్ఫర్, నైట్రోజన్ ఆక్సైడ్ల పని, కార్బన్ డయాక్సైడ్ కథ వేరు. అయితే తీరం దగ్గర రెండూ కలవొచ్చు. బంగాళాఖాతం పశ్చిమ తీరంలో గాలి కాలుష్యం నుంచి దిగే పదార్థాలు కూడా పీహెచ్‌ను తగ్గిస్తున్నాయని విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ కేంద్రం శాస్త్రవేత్తలు చూపారు.

సముద్రం తనంతట తాను సర్దుకోదా? సర్దుకుంటుంది. రాళ్లు అరిగి నదుల ద్వారా క్షారం చేరుతుంది, అడుగున పేరుకున్న గుల్లల మట్టి కరిగి ఆమ్లాన్ని తట్టుకుంటుంది. దానికి వేల ఏళ్లు కావాలి. సుమారు 5.6 కోట్ల ఏళ్ల కిందట కార్బన్ భారీగా విడుదలై సముద్రం ఇలాగే మారింది. వేడి పెరగడం, ఆక్సిజన్ తగ్గడం కూడా తోడై లోతుల్లో బతికే సూక్ష్మ గుల్ల జీవుల్లో చాలా జాతులు అంతరించాయి. ఆ మార్పుకు వేల ఏళ్లు పట్టింది. మనం రెండు వందల ఏళ్లలో చేస్తున్నాం.

పులికాట్‌కు తీసుకెళ్తే

సూళ్లూరుపేటకో తడకో పిల్లలను తీసుకెళ్తే ఒక పీహెచ్ మీటర్ వెంట ఉంచండి. లిట్మస్, పీహెచ్ పేపర్ ముక్కలు 0.1 తేడాను చూపలేవు. చవక మీటర్ కూడా పీహెచ్ ముందే తెలిసిన బఫర్ ద్రావణంతో అక్కడికక్కడే సరిచూసుకుంటేనే నమ్మాలి.

పులికాట్‌లో గుల్లలు తగ్గాయని జాలర్లు చెబితే వెంటనే ఆమ్లీకరణ అని రాయించకండి. సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారాలు ఇసుక మేటలతో పూడుకుంటాయి. వానాకాలంలో కాళంగి, ఆరణి నీళ్లు వచ్చి ఉప్పదనం పడిపోతుంది, వేసవిలో నీరు ఆవిరై ఉప్పు పెరుగుతుంది. గుల్లలను తవ్వుకుపోవడం కూడా ఉంది. ఈ కారణాలన్నీ పక్కన పెట్టి ప్రపంచ సమస్య మీదికి తోసేస్తే ఇక్కడ పరిష్కరించగలిగినవి కూడా కనిపించకుండా పోతాయి.

తెల్లవారగానే ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి అదే చోట పీహెచ్ కొలిపిస్తే, ఒక్క రోజులోనే 0.1 కన్నా ఎక్కువ తేడా కనిపించే అవకాశం ఉంది. అప్పుడు పిల్లలు అడగాల్సిన ప్రశ్న అడుగుతారు. రోజూ ఇంత మారే నీళ్లలో వందేళ్లలో 0.1 తగ్గితే ఏంటి సార్? ఆల్చిప్పలు దీనికి అలవాటు పడే ఉంటాయి కదా? అలవాటు పడ్డ మాట నిజమే. అయితే మొత్తం నీటి సగటు కిందికి జరిగితే ఆ రోజువారీ ఊగిసలాట కూడా దాంతోపాటే కిందికి జరుగుతుంది. తెల్లవారుజాము కనిష్ఠం ఇంకా కిందికి వెళ్తుంది, అలాంటి గంటలు ఎక్కువవుతాయి. ఆరెగాన్‌లో లార్వాలను చంపింది సగటు కాదు, ఆ చెడ్డ గంటలే. రెండు రోజుల్లో గుల్ల కట్టుకోవాల్సిన పిల్లకు ఒక పూట కూడా పెద్ద సమయం.

కొలిచిన అంకె ఒక్కటే రాసుకుని రావద్దు. దాని పక్కన టైము, నీటి వేడి, ఉప్పదనం కూడా నోట్‌బుక్‌లో రాయించండి. మరుసటి ఏడాది వచ్చే బ్యాచ్ పోల్చి చూసుకోవడానికి అవి లేకుండా కుదరదు.